సింకు వాడరాదు

"సింకులో నూనె పోసింది ఎవరు?"

ఉదయం పదిన్నర. ప్రశ్న వేసినవాడు సీసాల కర్మాగారంలో తనిఖీ అధికారి. పనివేళ మధ్యలో ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. సింకు పక్కన స్టూలు మీద అతని అక్క, ముప్ఫయ్యేళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోడ దగ్గర అతని భార్య. సింకు కింది అలమారలో నడుము దాకా దూరి, కాళ్లు మాత్రం బయట పెట్టుకుని, ప్లంబరు. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఆరు వారాలుగా తిరుగుతోందని, జవాబు ఇంతవరకూ రాలేదని అందరికన్నా బాగా తెలిసినది అక్కకే.

"అదే ప్రశ్న, అదే గొంతు. ఇవాళ జవాబు చెప్పగల మనిషిని పిలిపించాను. కూర్చో తమ్ముడూ."

"పిలిపించావా? నువ్వా? నన్ను అడక్కుండా?"

"అడిగితే వద్దంటావు కనుక అడగలేదు."

"ఎవరయ్యా నువ్వు? ముందు బయటికి రా."

"ప్లంబర్నండి. రమ్మంటే వస్తాను సార్. కానీ పైపు పట్టుకుని ఉన్నాను, వదిలానంటే మీ బూట్లు తడుస్తాయి. అవి కొత్తవల్లే ఉన్నాయి."

"ఈ సింకు మీద నేనంటించిన చీటీ ఏదీ? ఎర్ర చీటీ. 'సింకు వాడరాదు' అని. ఎవరు పీకారు?"

"నేను. ఇదిగో, నా చేతిలోనే ఉంది. పారేయలేదు."

"లోపం తీరేదాకా ఎర్ర చీటీ పీకకూడదక్కా! ఎన్నిసార్లు చెప్పాను? ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పీకలేదు నేను. అది రూలు."

"ఫ్యాక్టరీలో రూలు. ఇది వంటిల్లు."

"ఎక్కడైనా రూలు రూలే. బాగున్నదానికి పచ్చ, చెడినదానికి ఎర్ర."

"తెలుసు నాయనా. ఈ ఇంట్లో నీ సంతకం లేని వస్తువు లేదు. మిక్సీకి పచ్చ, కుక్కరుకు పచ్చ, నా చేతికర్రకు ఎర్ర. 'అడుగు రబ్బరు అరిగినది, మార్చవలెను.' మూడేళ్లయింది. రబ్బరు రాలేదు, చీటీ పోలేదు."

"ఆ సైజు దొరకలేదు."

"వెతికావా?"

"ఇప్పుడు విషయం అది కాదు."

"ఇప్పుడు విషయం అది కాదు. కానీ అదీ ఉంది."

"పెద్దమ్మగారూ, మీరూ మీరూ మాట్లాడుకునే ముందు నాకు సంగతి కొంచెం చెప్పండి. డిష్‌వాషరులో నీళ్లు నిలుస్తున్నాయన్నారు. ఎప్పటినుంచి?"

"చెబుతాను, విను మేస్త్రీ. గిన్నెలు కడిగే ఈ మిషను ఏడాదిపాటు ఏ పేచీ పెట్టకుండా పనిచేసింది. పోయిన నెల మొదట్లో మా తమ్ముడు సింకు కింద చెత్త నలిపే గ్రైండరు కొని, వీడియో చూసి, తన చేత్తో తానే బిగించాడు. మర్నాటి నుంచి డిష్‌వాషరులోని మురికినీళ్లు బయటికి పోవడం లేదు. తలుపు తెరిస్తే గిన్నెలు మురికిలో తేలుతున్నాయి. నీళ్లు గట్టు దాటి నేలమీదికి వస్తున్నాయి."

"మర్నాటి నుంచి కాదు. రెండు మూడు రోజుల తరవాత."

"మర్నాడే. నేల తుడిచింది నేను. నువ్వు మర్చిపోతావేమో కానీ నా మోకాలు మర్చిపోదు."

"సరే, మర్నాడే. అయితే ఏం? కాకతాళీయం. డ్రైను మూసుకుపోయింది. ఎందుకు మూసుకుపోయింది? రోజూ పన్నెండు మందికి వంట! జిడ్డు మూకుళ్లు! ఈవిడగారు భోజనాల డబ్బాలు కట్టి ఊరిమీదికి పంపడం, వాడిన నూనెంతా సింకులో ఒంపేయడం. మూసుకుపోక ఏం చేస్తుంది?"

"అమ్మాయ్, నువ్వు సింకులో నూనె పోశావా?"

"లేదు వదినా."

"వాడిన నూనె ఏం చేస్తావు?"

"డబ్బాలో పోసి మూత పెడతాను. సబ్బులు చేసే ఆవిడ వచ్చి పట్టుకెళుతుంది. మూకుడు ముందు పాత కాగితంతో తుడుస్తాను, ఆ తరవాతే నీళ్లు తగలనిస్తాను. ఆయన ఎదురుగా నిలబడి చూశారు కూడా."

"నేనెప్పుడు చూశాను?"

"స్టవ్వుకు చీటీ అంటించిన రోజు."

"చూడలేదు. నాకు గుర్తులేదు."

"చూడకపోవడం వేరు, గుర్తులేకపోవడం వేరు. రెండింటిలో ఒకటి ఎంచుకో తమ్ముడూ."

"అక్కా, నువ్వు క్లాసులో లేవు!"

"లేను. క్లాసులో ఉంటే ఈపాటికి బల్ల ఎక్కించి నిలబెట్టేదాన్ని. ఇంతకీ ఈ వేళప్పుడు నువ్వు ఫ్యాక్టరీలో ఉండాలి. ఎందుకొచ్చావు?"

"ఎందుకేమిటి? పదకొండింటికి ఫోను వస్తుందిగా. నా ఎదుటే మాట్లాడాలి. నా వెనక ఏం ఒప్పుకుంటుందో ఎవరికి తెలుసు?"

"ఏం ఫోనండీ?"

"నర్సుల హాస్టలు వార్డెను చేస్తుంది మేస్త్రీ. నలభై మందికి మధ్యాహ్నం భోజనం, సోమవారం నుంచి. మా మరదలి వంట తిని చూసి, వాళ్లే అడిగారు. పదకొండింటికి ఈమె ఔననాలి, లేదా కాదనాలి. కాదంటే వేరేవాళ్లకు ఇస్తారు."

"కాదనే అంటుంది. సింకు లేని ఇంట్లో నలభై మందికి వంటేమిటి? నేను మొదటిరోజే చెప్పాను, నాది ఒకటే మాట. డ్రైను బాగయ్యేదాకా వంట వ్యాపారం బందు."

"డ్రైను బాగుచేయించవు. బాగయ్యేదాకా బందు అంటావు. ఈ రెండు వాక్యాలూ కలిపి చదివితే ఏమొస్తుందో నన్ను చెప్పమంటావా?"

"చేయిద్దామనే అనుకున్నాను. టైము దొరకలేదు."

"ప్లంబరు రావడానికి నా ఫోను తరవాత ఇరవై నిమిషాలు పట్టింది."

"పద్దెనిమిదండి. మధ్యలో పెట్రోలు పోయించుకున్నాను."

"పద్దెనిమిది. నూనే అని అంత నమ్మకమున్నవాడివి, ఆరు వారాల్లో ఆ సింకులో ఒక్క చెంబుడు వేడినీళ్లయినా పోశావా? పోయలేదు. ఒక్క పుల్లయినా పెట్టి కదిపావా? కదపలేదు. చీటీ అంటించావు. ఇదిగో ఈమె బాత్రూములో ముక్కాలిపీట వేసుకుని గిన్నెలు తోముతోంది. నడుం పట్టేసి, పన్నెండు మందిలో ఏడుగురిని తనే వద్దంది. నువ్వు పక్కనుంచి వెళుతూ బాత్రూము తలుపుకు ఏం అంటించావు? చెప్పు, మేస్త్రీ కూడా వింటాడు."

"అది... జాగ్రత్త కోసం."

"'నేల జారును.' పచ్చదా, ఎర్రదా?"

"ఎర్రదే వదినా."

"నువ్వు నోరు మూసుకో! నీ నోట్లోంచి లేదు, కాదు తప్ప ఇంకో మాట రాదు, ఇప్పుడు చీటీ రంగు చెబుతోంది!"

"సార్, వంక పైపు విప్పేశానండి. మురికినీరు వెళ్లే వంపు ఇదే. జిడ్డు గడ్డకడితే ముందు ఇక్కడే కడుతుంది."

"ఉందిగా? జిడ్డు ఉందిగా? చెప్పు, గట్టిగా చెప్పు."

"ఎంత ఉండాలంటారు?"

"ఎంతేమిటి, నిండా ఉండాలి! రాయిలా!"

"మరి ఇదిగోండి సరుకు. ఒక బఠాణీ గింజ. ఒక చిన్న చెంచా. జిడ్డంటారా, తలుపు బందుకు రాయడానికి కూడా చాలదు."

"చెంచా! చూశావా అక్కా, చెంచా! సింకులో చెంచా వేసింది ఎవరు?"

"ఆ చెంచాతో మందు తాగేది నేను. చీటీ రాసుకో."

"జిడ్డు ఇంకా లోపల ఉంటుంది. గోడలో. కింద. ఇతనికేం తెలుసు?"

"నేను ముప్ఫయ్యేళ్ల నుంచి గోడల్లోకే చూస్తున్నానండి. మా పనిలో ఒక మాట ఉంది. పైపుకు అబద్ధమాడటం రాదు, పైపు తాలూకు మనుషులకే వచ్చు."

"గోడ సంగతి నేను చూశాను తమ్ముడూ. పొద్దున నీ చీటీ పీకి, బకెట్టెడు చన్నీళ్లలో సిరా కలిపి సింకులో గుమ్మరించాను. మెట్ల కింద మురుగుకాలువ మూత తీసి ఈమెను నిలబెట్టాను. అమ్మాయ్, నీలం నీళ్లు వచ్చేసరికి ఎంత లెక్కపెట్టావు?"

"ఏడు."

"ఏడు! మూసుకుపోయిన డ్రైనుకు ఏడంకెలు చాలాయి. అది నిజంగా మూసుకుపోతే నీళ్లు సింకులో నిలవాలి. సింకు గటగటా తాగేస్తోంది. నిలిచేది డిష్‌వాషరులో మాత్రమే. కనుక అడ్డం సింకు తరవాత లేదు. డిష్‌వాషరుకూ సింకుకూ మధ్య ఉంది. ఎనిమిదో తరగతి పిల్లకు ఇది ఐదు మార్కుల ప్రశ్న."

"పిల్లలకు చెప్పుకో."

"చెప్పాను. ముప్ఫయ్యేళ్లు చెప్పాను. అలా చెప్పినదాన్నై ఉండి కూడా, ఈ బకెట్టు ఆరు వారాల కిందటే పోయలేదు. ఎందుకో చెబుతాను, నువ్వు కూడా విను అమ్మాయ్. మొదటి వారం నేనూ నిన్నే అనుకున్నాను. నీ నూనె డబ్బా కళ్లెదుట ఉంది, మూత తీసి చూడలేదు. వీడు గట్టిగా అరిచాడు, నువ్వు మెల్లిగా లేదన్నావు. గట్టిగా అన్నదే నిజమనుకున్నాను. నా వృత్తికి అంతకన్నా తలవంపు లేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకు వదినా..."

"ఇప్పుడే. పదకొండు కాకముందే."

"పెద్దమ్మగారు చెప్పింది రైటండి. ఈ రెంటి మధ్యా ఉన్నది ఒక్క గొట్టం. డిష్‌వాషరు వెనకనుంచి బయలుదేరి, ఇలా పైకి ఎక్కి, వచ్చి గ్రైండరు మూతికి తగులుకుంటుంది. దాన్ని విప్పి చూస్తాను."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"గ్రైండరు జోలికి పోవద్దు. కొత్తది. ముట్టుకుంటే వారంటీ పోతుంది."

"గ్రైండరును కాదండి, గొట్టాన్ని..."

"గొట్టాన్నీ వద్దు! దానికి పచ్చ చీటీ ఉంది. చూడు, ముందువైపు. 'తనిఖీ చేయబడినది. లోపం లేదు.' నా సంతకం కనబడటం లేదా?"

"సంతకం బ్రహ్మాండంగా ఉందండి. నీళ్లే పోవడం లేదు."

"నీ పని నువ్వు చూసుకో."

"అదే చూస్తున్నాను సార్, మీరే వద్దంటున్నారు."

"సరే, ఎంతయిందో చెప్పు, తీసుకుని వెళ్లిపో."

"పిలిచింది పెద్దమ్మగారు. ఆవిడ పొమ్మంటే పోతాను."

"విప్పు మేస్త్రీ. గుమ్మడికాయల దొంగ అని ఇంకా ఎవరూ అనలేదు. వీడు భుజాలు తడుముకుంటున్నాడు."

"దొంగా? నేను దొంగనా? సొంత తమ్ముణ్ణి పట్టుకుని, బయటివాడి ముందు! నీకేం తెలుసక్కా? నువ్వు గదిలో కూర్చుని పుస్తకాలు చదువుకుంటావు. క్యాంటీనులోకి వెళ్లేది నేను. మా సెక్షనులో ముగ్గురు దీని దగ్గరే భోజనం తెప్పించుకుంటారు. నన్ను చూడగానే, 'భోజనాల ఆవిడ మొగుడొస్తున్నాడు, మూతలు తీయండి, సంతకం పెడతాడు' అంటారు. నవ్వుతారు! నేను చెయ్యెత్తితే లైను మొత్తం ఆగుతుంది, వేల సీసాలు ఆగుతాయి, అలాంటిది నన్ను! నలభై మందికి మొదలుపెడితే ఇంకేమంటారు? నా పేరే మర్చిపోతారు."

"మూడు నెలల నుంచి నువ్వు మధ్యాహ్నం భోజనం తీసుకెళ్లనిది అందుకా?"

"ఆకలి ఉండటం లేదు."

"సరే. మరి క్యాంటీనులో నవ్వులకూ ఈ గొట్టానికీ ఏమిటి సంబంధం?"

"ఏం లేదు. ఊరికే చెప్పాను."

"ఊరికే అంత గొంతు రాదు."

"అమ్మా, ఆ టార్చి కాస్త ఇలా పట్టండి. ఇంకొంచెం కిందికి. ఆఁ. ఊడి వచ్చింది. చూడండి మీరే."

"ఏమిటది? తెల్లగా, మూతలాగా..."

"మూతేనమ్మా. గొట్టం తగిలించే చోట లోపల ప్లాస్టిక్ బిళ్ల. కొత్త గ్రైండరు ఇలా మూసే వస్తుంది, డిష్‌వాషరు లేని ఇళ్లూ ఉంటాయి కదా. ఉన్న ఇంట్లో, గొట్టం తగిలించే ముందు ఈ బిళ్ల మీద స్క్రూడ్రైవరు ఆనించి సుత్తితో ఒక్కటి ఇవ్వాలి. ఊడి లోపల పడుతుంది, తీసి పారేయాలి. ఇది కొట్టలేదు. గోడకు గొట్టం తగిలించి నీళ్లు పొమ్మంటే ఎక్కడికి పోతాయి? వచ్చిన దారినే మిషనులోకి వచ్చాయి."

"తీయడానికి ఎంతసేపు?"

"సుత్తి వెతుక్కోవడంతో కలిపి ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషం. తమ్ముడూ."

"సుత్తి ఎక్కడ పెట్టానో చూసొస్తాను."

"తమ్ముడూ, నిన్నే."

"తెలియలేదు. వీడియోలో చెప్పలేదు. చెప్పాడేమో, నేను గమనించలేదు. పొరపాటు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. జరగదా? నీకు జరగలేదా? ఇప్పుడే ఒప్పుకున్నావుగా, నువ్వూ నూనే అనుకున్నానని!"

"ఒప్పుకున్నాను. పొరపాటును నేను శిక్షించను. కానీ ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ చేతి పనికి ఆరు వారాలు ఈమె చేతులు..."

"తెలిస్తే చేస్తానా? తెలిస్తే ఆ రోజే తీసేవాణ్ణి కాదా? నా తోడు, నా ఉద్యోగం తోడు! బిళ్ల సంగతి ఇప్పుడే, ఈ నిమిషానే తెలిసింది. తెలియదు కనుకే నూనే అనుకున్నాను. దానికి ఇంత పంచాయితీయా?"

"పోనీలెండి వదినా. తెలియక చేశారు. ఆయన ఇంతమాట ఎప్పుడూ ఒప్పుకోలేదు."

"అదిగో, నీ మరదలే అంటోంది పోనీమని. ఇంక నీకేమిటి?"

"నాకా? ఏమీ లేదు. తెలియక చేసినదైతే నాకేమీ లేదు."

"ఫోను మోగుతోందండి. అమ్మగారిదే అనుకుంటా."

"వార్డెనే."

"ఎత్తు. ఎత్తి, ఇప్పుడు కాదని చెప్పు. విను, నేను అరవడం లేదు. సింకు బాగైతే బాగవుతుంది. కానీ నలభై మందంటే మాటలా? ఒక్క నెల ఆగుదాం. నెమ్మదిగా ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. నేనూ సాయం చేస్తాను. కూరలు తరిగిపెడతాను. ఇంతకన్నా ఏం కావాలి?"

"నెల ఆగితే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు..."

"ఇంకోటి వస్తుంది. ఇంటి మాట నిలబెట్టు. ఒక్క నెల."

"వదినా... ఒక్క నెలేగా..."

"నన్ను చూడకు అమ్మాయ్. నీ ఫోను, నీ జవాబు."

"ఒక్క మాట సార్. ఈ గ్రైండరు వెనకవైపు, గోడకు ఆని, ఇంకో చీటీ ఉందండి. ఎర్రది. ఇదెవరికి ఇవ్వాలి?"

"ఇలా ఇయ్యి! అది నాదే. పాతది. వేరేదానిది. పీకి ఇయ్యి!"

"పీకకు మేస్త్రీ. లోపం తీరేదాకా ఎర్ర చీటీ పీకకూడదు. రూలు. ఉన్నచోటే ఉంచి, పైకి చదువు."

"అక్కా!"

"చదువు."

"'లోపం: మూతిలోని బిళ్ల తొలగించబడలేదు. డిష్‌వాషరు నీరు పోదు. గుర్తించిన తేదీ...' పోయిన నెల, ఆరో తారీఖు. 'తగు సమయమున సవరించవలెను.' కింద సంతకం. ముందువైపు పచ్చ చీటీ మీద ఉన్నదేనండి."

"అలవాటక్కా... లోపం కనబడితే చెయ్యి ఊరుకోదు. రాసేశాను. రాశాక పీకకూడదు కదా... తీద్దామనే అనుకున్నాను, నిజంగా..."

"చీటీ రాయకుండా ఊరుకోని చెయ్యి, ఒక్క నిమిషం సుత్తి పట్టకుండా ఆరు వారాలు ఎలా ఊరుకుంది? అమ్మాయ్, ఇదిగో, సింకు మీద పీకినది. నువ్వు చదువు."

"'సింకు వాడరాదు. కారణం: నూనె పోయుట.' "

"తేదీ."

"పోయిన నెల... ఎనిమిది."

"ఆరున బిళ్ల అని వీడికి తెలిసింది. ఎనిమిదిన నూనె అని నీకు చెప్పాడు."

"ఫోను ఆగిపోయేలా ఉందమ్మా."

"హలో. ఆఁ, నేనేనండి. ఔను. నలభై మందికీ ఔను, సోమవారం నుంచే. లేదండీ, వంటింట్లో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అది ఎక్కడుందో ఇవాళ తెలిసింది. ఉంటాను. మేస్త్రీ గారూ, ఆ బిళ్ల కొట్టేయండి. ఎర్ర చీటీ మాత్రం నాకు కావాలి. ఏమండీ, ఇటు చూడండి. నన్ను కాదు, ఈ చీటీని చూస్తూ చెప్పండి. సింకులో నూనె పోసింది ఎవరు?"

అతడు చెప్పలేదు. ఇక చదువుతున్న మీరు చెప్పండి. మీ ఇంట్లో, ఉన్న నిజమే చెప్పి, మెల్లిగా చెప్పినందుకు అబద్ధాలమనిషై గోడ దగ్గర నిలబడినది ఎవరు? పేరు చెప్పండి. మనసులో కాదు, పైకి.